నింద పురుగుల మీదే వేస్తున్నాం

ఈమధ్య ఒక పాత గ్రంథాలయం వార్షికోత్సవానికి వెళ్ళాను. పుస్తకాలను కాపాడుకోవడం గురించి ఒక పెద్దాయన బాగా మాట్లాడారు. చెదలు, తేమ, మన నిర్లక్ష్యం, ఈ మూడే పుస్తకానికి శత్రువులని తేల్చేసి, అన్నిటికీ మందు స్కానింగే అన్నారు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. తర్వాత పక్కగదిలో ప్రదర్శనకు పెట్టిన పాత వారపత్రికల్ని చూశాను. అందులో ఒక సంచికకు పురుగు కొట్టిన చిల్లు ఒక్కటీ లేదు. నీటి మరక లేదు. నిర్లక్ష్యం చేశారనడానికీ లేదు, శుభ్రంగా అట్ట వేసి ఉంచారు. అయినా వెన్ను మధ్యలో, సరిగ్గా తీగపిన్నులు కొట్టినచోట, కాగితం మాడినట్టు గోధుమరంగుకు తిరిగి పొడిపొడిగా రాలుతోంది. పిన్నుకు రెండంగుళాల దూరంలో అదే కాగితం పసుపెక్కింది గాని, పట్టుకుంటే నిలుస్తోంది.

ఆ మూడు శత్రువుల జాబితాలో లోహం పేరు లేదు. ఎప్పుడూ ఉండదు. మన కాగితాలు పాడవడంలో పెద్దవాటా లోహాలదేనని, అందులోనూ చాలావరకు మనం కాపాడటానికనో, కలిపి ఉంచటానికనో చేతులారా పెట్టినవేనని నా అభిప్రాయం. వాటి సంగతి చూడకుండా స్కాన్ చేసి, పిన్నులతో సహా మళ్ళీ బీరువాలో పెట్టేస్తే సగం పనే అయినట్టు.

చెద కాదు, సూది

మా తాతగారి పేర ఉన్న ఒక క్రయ దస్తావేజు మా బాబాయి దగ్గర ఉంది. ఇనప్పెట్టెలో, నూలుగుడ్డలో చుట్టి, కలరా ఉండలు వేసి మరీ దాచాడు. ఆయన జాగ్రత్తకు వంక పెట్టలేం. ఏదో పని పడి బయటికి తీస్తే ఎడమవైపు పైమూల ఊడి చేతికొచ్చింది. "చెద పట్టిందిరా" అన్నాడు. చెద పడితే మన్ను ఉంటుంది, తిన్న దారులుంటాయి. ఇక్కడ ఉన్నదల్లా ఎప్పుడో ఏ గుమాస్తానో గుచ్చిన ఒక గుండుసూది.

ఆ సూదిని తియ్యబోతే రాలేదు, తుప్పుతో కాగితానికి అతుక్కుపోయింది. మెల్లగా విడదీస్తే పై కాగితం మీద సూది ఆనినంత మేరా ముదురు గోధుమ గీత. కింది కాగితం మీద సూది బొమ్మ గుండుతో సహా అచ్చు పడింది. దాని కిందది సూదికి తగిలే అవకాశమే లేదు, అయినా దాని మీదా పలచగా అదే గీత. గీత అంచున గోరు ఆనిస్తే చిటుక్కున విరిగింది. అదే కాగితంలో కుడివైపు అంచు మెత్తగా, గట్టిగా, ఇంకో యాభై ఏళ్ళు బతికేలా ఉంది. మా ఊరు సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి కిటికీ చువ్వలే ఆగవు, గుండుసూది ఎంత!

తుప్పు మరక అంటే కాగితం అందం చెడటమే అనుకుంటాం. అసలు పని కంటికి కనపడని చోట జరుగుతుంది. కాగితంలో ముఖ్యమైన పదార్థం సెల్యులోజ్, అంటే గ్లూకోజు ముక్కలు వరసగా అతుక్కున్న పొడుగాటి గొలుసులు. మంచి నూలు కాగితంలో ఒక్కో గొలుసుకు వేల ముక్కలుంటాయి. అవి తెగీ తెగీ రెండు మూడు వందలకు పడిపోయాయంటే ఇక ఆ కాగితం మడత పెడితే విరుగుతుంది. తెగడానికి దారులు రెండు. ఒకటి ఆమ్లం. తేమను తోడు చేసుకుని ముక్కకూ ముక్కకూ మధ్య ఉన్న అతుకును అది తెంచుతుంది. రెండోది ఆక్సీకరణ, గాలిలోని ఆక్సిజన్ చేసే పని. మామూలుగా ఇది చాలా మందకొడిగా సాగుతుంది. ఇనుము గాని రాగి గాని అయాన్ల రూపంలో చేరిందా, వ్యవహారం మారిపోతుంది. కాగితం పాతబడేటప్పుడు అందులో కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతూ ఉంటుంది. ఫెర్రస్ అనే రూపంలో ఉన్న ఇనుము దాన్ని విడగొట్టి హైడ్రాక్సిల్ రాడికల్ అనేదాన్ని పుట్టిస్తుంది. దానికి తన పర భేదం లేదు, పక్కన ఏది దొరికితే దాన్నే తెంచుతుంది. ఇనుమూ పెరాక్సైడూ కలిస్తే ఏమవుతుందో ఫెంటన్ అనే ఇంగ్లీషు రసాయనవేత్త 1894లోనే టార్టారిక్ ఆమ్లం మీద చేసి చూపించాడు. మా బాబాయి ఇనప్పెట్టెలో జరిగిందీ అదే బాపతు.

ఇందులో అసలు చిక్కు ఏమిటంటే, లోహం ఖర్చయిపోదు. పెళ్ళిళ్ళ పేరయ్య ఒక ఇంట్లో వ్యవహారం ముగించుకుని సంచీ చంకన పెట్టుకుని పక్కింటికి పోయినట్టు, ఒక గొలుసు దగ్గర పని కానిచ్చి ఇంకోదాని దగ్గరికి పోతుంది. ఈ పేరయ్యది మాత్రం విడదీసే వృత్తి. ఫెర్రస్ కాస్తా ఒక ఎలక్ట్రాను పోగొట్టుకుని ఫెర్రిక్ అవుతుంది, మళ్ళీ ఆ కాగితం నుంచే ఎలక్ట్రాను లాక్కుని ఫెర్రస్ అయి కూర్చుంటుంది. అందుకే పిసరంత లోహమైనా ఏళ్ళ తరబడి పని చేస్తుంది.

ఇదంతా చెబితే బాబాయి శ్రద్ధగా విని, "మరి సూది తీసేస్తే కాగితాలు విడిపోవూ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

అన్నభేది, మాచికాయ

సూదిని తీసెయ్యొచ్చు. అక్షరంలోనే ఇనుము ఉంటే ఏం చేస్తాం?

మధ్యయుగాల నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా యూరప్ రాసుకున్న సిరా చాలావరకు ఇదే: మాచికాయల కషాయం, అన్నభేది, తుమ్మబంక లాంటి ఒక జిగురు. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు. మాచికాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి, గాలి తగిలాక కారునలుపు అవుతుంది. కడిగినా పోదు, గీకినా పూర్తిగా పోదు కాబట్టి కోర్టు కాగితాలకు, రిజిస్టర్లకు ఇదే కావాలనేవారు. ఆ నలుపు పుట్టే చర్యలోనే గంధకామ్లమూ పుడుతుంది. అంటే ఒకే గీతలో ఆమ్లమూ ఉంది, ఇనుమూ ఉంది. టానిన్ పట్టుకోగలిగినదానికంటే అన్నభేది ఎక్కువ పడితే మిగిలిన ఇనుము కాగితంలో ఖాళీగా తిరుగుతూ ఉంటుంది. మొదట అక్షరం చుట్టూ లేత గోధుమ నీడ, తర్వాత వెనకపేజీలో అదే అక్షరం మచ్చ, తర్వాత పగుళ్ళు, చివరికి అక్షరం ఉన్నచోట చిల్లు.

బెర్లిన్ స్టేట్ లైబ్రరీలో బాఖ్ తన చేత్తో రాసుకున్న సంగీతప్రతులకు ఇదే గతి పట్టింది. స్వరాల గుండ్రటి తలలు ఉన్నచోట, అంటే సిరా చిక్కగా పడినచోట, కాగితమే తెగి ఊడిపోవడం మొదలైంది. వాటిని నిలబెట్టడానికి ఒక్కో కాగితాన్ని మందంలో రెండుగా చీల్చి, మధ్యలో పలచటి కొత్త కాగితం పెట్టి మళ్ళీ అతికించారు. చదువుతుంటేనే గుండె గుభేలుమంటుంది.

మన తాటాకులకు ఈ బాధ లేదు. గంటంతో గీసి మసి పులిమితే సరి, మసి అంటే కార్బన్, ఒకరి జోలికి పోదు. ఫార్సీ దఫ్తర్లలోనూ మసిసిరాకే పెద్దపీట. కచేరీలు కంపెనీ చేతికి వచ్చాక ఇంగ్లీషువాళ్ళ సిరా వచ్చింది. ఆ వంశంలో ఆఖరిది మన పెద్దవాళ్ళు స్కూల్లో పోసుకున్న బ్లూ-బ్లాక్. రాయగానే నీలంగా కనిపించి, రోజులు గడిచేకొద్దీ నల్లబడేది. ఆ నీలం వట్టి రంగు, నలుపు ఇనుముది. అందులో ఇనుము పాళ్ళు తక్కువ, కాబట్టి మీ నాన్నగారి డైరీ చిల్లులు పడుతుందని భయపడనక్కర్లేదు.

కాగితం మీద కాకపోయినా ఇదే రసాయనం మన దగ్గర గుడ్డ మీద ఎప్పటినుంచో నడుస్తోంది. నూలుగుడ్డా సెల్యులోజే కదా. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం కుండలో నానబెట్టి పులియనిచ్చి కసిం తీస్తారు. కలాన్ని కసింలో ముంచి గీస్తే కరక్కాయ తగిలిన గుడ్డ మీద గీత నల్లగా లేస్తుంది. కరక్కాయలోని టానిన్, తుప్పులోని ఇనుము, అంతా సిరా వ్యవహారమే. కోరమండల్ తీరం నుంచి ఎగుమతైన పాత అద్దకాలు విదేశీ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల ఎర్రపువ్వు చెక్కుచెదరలేదు, దాని చుట్టూ ఉన్న నల్లగీత మాత్రం గుడ్డతో సహా తెగిపోయింది. ఎరుపుకు పట్టు ఇచ్చింది పటిక, నలుపుకు పట్టు ఇచ్చింది ఇనుము. ఒకే గుడ్డ, ఒకే ఎండ, ఒకే పెట్టె. చెదపురుగు నల్లగీత వెంబడే తింటూ పోయిందని ఎవరూ అనరు కదా!

"మైలుతుత్తం వెయ్యకపోతే ఎలా సార్?"

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది బైండింగు జిగురు. మైదాపిండి ఉడకబెట్టి అందులో మైలుతుత్తం కలపడం మన బైండింగు షాపుల్లో మామూలు. చేలో తెగుళ్ళ మందుగా, సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా రైతులకు తెలిసిందే ఇది. కాపర్ సల్ఫేటు. జిగురుకు బూజు పట్టదు, బొద్దింకలు అట్టలు నాకవు. పుస్తకం మీద ప్రేమతోనే వేస్తారు.

నేను తరచూ వెళ్ళే బైండరు దగ్గర ఒక పాత లెడ్జరు చూశాను, తిరగ్గుట్టడానికి వచ్చింది. అట్ట లోపలి కాగితం జిగురు పూసినంత మేరకు పచ్చటి గోధుమరంగు పట్టీలా కనపడుతోంది. ఆ పట్టీ అంచు వెంబడి, స్కేలు పెట్టి కోసినంత తిన్నగా కాగితం విరిగింది. చూపించాను. ఆయన అద్దాలు పైకి జరుపుకుని చూసి, "పాతది కదా సార్" అన్నాడు. మిగతా పేజీ కూడా అంతే పాతది కదా అన్నాను. నవ్వాడు.

"మీ పుస్తకం నూరేళ్ళకి పాడవుద్దో లేదో నాకు తెలీదు సార్. మైలుతుత్తం వెయ్యకపోతే ఎలా సార్? వచ్చే వానాకాలానికి బొద్దింకలు అట్ట నాకేస్తాయి. అప్పుడు తిట్టేది నన్నే."

ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది, ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. మన వాతావరణంలో పురుగు నిజంగానే రసాయనం కంటే ముందొస్తుంది. చల్లటి దేశాల్లో కూర్చుని రాసిన పరిరక్షణ సూత్రాలు బెజవాడ వానాకాలాన్ని చూసి రాసినవి కావు.

అయినా రాగి విషయంలో నేను మెత్తబడలేను. రాగి ఇనుము కంటే మొండిది. ఇనుము ఆమ్లం ఉన్నచోట రెచ్చిపోతుంది, ఆమ్లాన్ని విరిచేస్తే చాలావరకు దారికొస్తుంది. రాగి అలా లొంగదు, ఆమ్లం లేకపోయినా తన పని తాను చేసుకుంటూ పోతుంది. దీనికి పాత ఫార్సీ ప్రతులే సాక్ష్యం. వాటిలో రాత చుట్టూ చతురస్రంగా గీసే రంగుగీతల్లో ఆకుపచ్చ ఉంటే, అది రాగి చిలుముతో చేసిన రంగైతే, కొన్నాళ్ళకు ఆ గీత కాగితాన్ని నాలుగువైపులా కోసేస్తుంది. లోపలి రాత కిటికీ తలుపులా ఊడి చేతికొస్తుంది, మార్జిన్ విడిగా మిగులుతుంది. ఆ కాలపు పనివాళ్ళకూ సంగతి తెలిసే ఉంటుంది. చిలుము రంగులో కుంకుమపువ్వు కలపమని ఫార్సీ చిత్రకారుల పాఠాలు చెబుతాయి, కుంకుమపువ్వు ఆ దాడిని తగ్గిస్తుందని ఈనాటి పరిశోధకులూ ప్రయోగాలు చేసి చూశారు. గీసిన గీతే అంత పని చేస్తే, పుస్తకం వెన్నంతా కుంచెతో పూసిన జిగురు సంగతి వేరే చెప్పాలా?

నా వాదనలో ఇరుకులు

మూడు వందల ఏళ్ళ కిందటి ఇనుముసిరా ఉత్తరాలు ఇప్పటికీ నిన్న రాసినట్టు ఉన్నవి బోలెడున్నాయి. లోహమే విలన్ అయితే ఇవెలా మిగిలాయి? సిరా కాచినవాడి చేతివాటం ఒక కారణం. కాగితం పుట్టుక ఇంకో కారణం. పాతకాలపు చేతికాగితంలో సున్నం వాడకం వల్లనో, ఉప్పునీటి బావి వల్లనో కాల్షియం, మెగ్నీషియం చేరేవి. పుట్టిన ఆమ్లాన్ని పుట్టినట్టే అవి విరిచేసేవి. అమెరికాలో బ్యారో అనే ఆయన వందల పాత పుస్తకాలను పరీక్షించి గమనించిందీ ఇదే, కాల్షియం, మెగ్నీషియం ఉన్న కాగితాలు నిలిచాయి. ఆయన కాగితాలను ముందు సున్నపుతేటలో, తర్వాత కాల్షియం బైకార్బొనేటులో ముంచే పద్ధతి పెట్టాడు. అంటే లోహాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. కాల్షియం కూడా లోహమే, అది కాగితానికి చేసేదంతా మేలే.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైంది. మన ఇళ్ళలో పొడి అయిపోతున్న 1930ల, 50ల తెలుగు పుస్తకాల్లో సూదీ లేదు, ఇనుముసిరా లేదు, అచ్చుసిరా మసిదే. అవి పోతున్నది చెక్కగుజ్జు వల్ల, పటిక వల్ల. సిరా పాకకుండా కాగితానికి రోజనం, పటిక పట్టించే పద్ధతిని 1807లో ఇలిగ్ అనే జర్మన్ బయటపెట్టాడు. చవక, సులువు. మిల్లులన్నీ అదే పట్టాయి. పటికలోని అల్యూమినియం ఇనుములా ఎలక్ట్రాన్లు మార్చుకునే రకం కాదు, తేమతో కలిసి ఆమ్లాన్ని ఇస్తుంది, అంతే. అదే చాలింది. ఈ అభ్యంతరాన్ని ఒప్పుకుంటాను గాని, పటిక కూడా లోహపు లవణమే కాబట్టి జాబితాలో లోహం పేరు చేర్చాల్సిందేనన్న నా మాట అక్కడే ఉంటుంది. మరి కలంకారీలో అదే పటిక ఎరుపును ఎందుకు కాపాడింది? గుడ్డను మళ్ళీ మళ్ళీ పారేనీటిలో జాడిస్తారు, అంటకుండా మిగిలిన పటికంతా స్వర్ణముఖిలో పోతుంది. మిల్లుకాగితాన్ని జాడించేవాడెవడు? ఇది నా ఊహ, కానీ దీనికంటే సబబైన కారణం నాకు తోచలేదు.

పాత పేజీల మీద పడే గోధుమ చుక్కల విషయంలో కూడా పూర్తిగా ఇనుమునే అనలేం. కొన్నిచోట్ల ఇనప రేణువు దొరుకుతుంది, కొన్నిచోట్ల బూజు దొరుకుతుంది, కొన్నిచోట్ల రెండూ.

తవుడులో ఉన్న మందు

ఇనుముసిరాకు మందు కనిపెట్టింది నెదర్లాండ్స్‌వాళ్ళు. 1990లలో నీవెల్ అనే శాస్త్రవేత్త కాల్షియం ఫైటేటు వాడకాన్ని ప్రతిపాదించాడు. ఫైటేట్ అంటే గింజల్లో, పప్పుల్లో, ముఖ్యంగా తవుడులో ఉండే పదార్థం. రక్తం తక్కువగా ఉన్నవాళ్ళకు డైటీషియన్లు దీని గురించే చెబుతుంటారు, గింజల్లోని ఫైటేట్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదని. ఒంటికి అవగుణమైంది కాగితానికి గుణమైంది. ఖాళీగా తిరిగే ఇనుమును అది పట్టి కట్టేస్తుంది, తర్వాత కాల్షియం బైకార్బొనేట్ స్నానం ఆమ్లాన్ని విరుస్తుంది. ఖాళీ ఇనుము ఉందో లేదో చూడటానికి చిన్న పట్టీలున్నాయి, తడిపి అక్షరం మీద అద్దితే గులాబీరంగుకు తిరుగుతాయి. ఇది లాబొరేటరీ పని. సున్నపుతేట మంచిదన్నాను కదా అని ఇంట్లో దస్తావేజును ముంచేరు, సిరా రంగు మారి కారిపోవచ్చు. వట్టినీళ్ళతో తడిపినా తప్పే, ఇనుము తడి వెంబడి మంచి కాగితంలోకి పాకుతుంది. రాగికి ఈ ఫైటేట్ పని చెయ్యదు. అందుకే మైలుతుత్తం దగ్గర అంత పట్టుబడుతున్నాను, పూశాక వెనక్కి తీసే దారి లేదు.

ఇంట్లో చెయ్యగలిగింది చాలా తక్కువ, ఖర్చు అంతకంటే తక్కువ. గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు, తుప్పుపట్టే క్లిప్పులు తీసెయ్యాలి. లాగకూడదు, పిన్ను కాళ్ళను వెనకనుంచి పలచటి చాకుతో లేపి తియ్యాలి. కాగితాలు విడిపోతాయన్న బాబాయి ప్రశ్నకు జవాబు, మడిచిన తెల్లకాగితం కవరు. పాతదానికి కొత్త చిల్లు వెయ్యనక్కర్లేదు. లామినేషన్ మాత్రం వద్దు. వేడిప్లాస్టిక్ మధ్య ఆమ్లాన్నీ ఇనుమునూ కాగితంతో కలిపి సీలు వేసినట్టవుతుంది, మళ్ళీ ఊడదియ్యలేం. బైండింగుకు ఇస్తే మైలుతుత్తం వద్దని ముందే చెప్పండి, పురుగు సంగతి మనం చూసుకోవాలి. అలమరా గోడకు ఆనకుండా ఉంచడం, నెలకోసారి దులపడం, అంతే. బద్ధకస్తులకు ఈ సలహా పనికిరాదు, వాళ్ళకు బైండరు మాటే సరి.

గ్రంథాలయాల సంగతికొస్తే, స్కానింగుకు పేజీకి ఇంత అని టెండరు పిలుస్తారు. పిన్ను తీసే కూలీ అందులో ఉండదు. కాంట్రాక్టు కుర్రాళ్ళు పేజీలు వేగంగా తిప్పాలి, పిన్ను అడ్డమొస్తే పీకుతారు, కాగితం చిరిగితే చిరుగుతుంది. కొన్నిచోట్ల స్కాన్ అయ్యాక తీసినవాటిని కలిపి కొత్తగా స్టేపుల్ కొట్టి ఇస్తున్నారు! పేజీకి కొద్దిపాటి పైసలు పెంచి, లోహం తీసి కవర్లో పెట్టి అప్పగించాలని ఒక్క షరతు రాస్తే సరిపోయేది.

ఏసీ గురించి కూడా ఒక మాట. నిధులొస్తే అరుదైన పుస్తకాల గదికి ముందు ఏసీ పెట్టిస్తున్నారు. ఉదయం పదింటికి వేసి సాయంత్రం అయిదింటికి కట్టేస్తారు. గది పొడిబారుతుంది, రాత్రికి మళ్ళీ తేమెక్కుతుంది. తేమ ఎక్కినప్పుడల్లా ఇనుమూ రాగీ ఇంకాస్త పక్కకు జరుగుతాయి. రోజంతా నడపలేని ఏసీ కంటే, గాలి ఆడే గదిలో రోజంతా తిరిగే ఫ్యాను నయం. కరెంటు బిల్లు కట్టేవాళ్ళకైనా ఈ మాట నచ్చుతుందనుకుంటా.